గుండీలే మిగిలాయి

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్తూ మామగారి టైలరు కొట్టు దగ్గర ఆగాలి, షెల్ఫు మీద ఒక పాత ఫోను పెట్టి మీట నొక్కాలి, తన దారిన తాను పోవాలి. పది నిమిషాల పని.

ఆ ఫోనులో ఉన్నది అతను మూడు వారాలు కూర్చుని తయారుచేసిన కృత్రిమ మేధ. కొట్టులో మాటలు వింటుంది, ఏ బట్ట ఎంతవరకు వచ్చిందో గ్రహిస్తుంది, బట్టలిచ్చిన వాళ్లకు తనే కబురు పంపుతుంది. టైలరుకు ఏం అవసరమో తెలుసుకోవడానికి అల్లుడు ఆఫీసులో పదకొండు మందిని అడిగాడు. ఆ పదకొండు మందిలో ఒక్కరూ జన్మలో సూది పట్టినవారు కారు. మామగారిని అడిగాడా అంటే, ఇంట్లో మనిషేగా, ఆయన్ని అడిగేదేముంది అనుకున్నాడు.

తొందర కూడా ఉంది. "నాన్నా, బట్టలు ఇవ్వట్లేదని ఇంకొక్కరు నా దగ్గరికొచ్చి మొత్తుకున్నా కొట్టుకు తాళం వేసేస్తా. హాయిగా ఇంట్లో కూర్చుందువుగాని," అని కూతురు ముందురోజే తేల్చేసింది. ఆ కొట్టు లేకపోతే మామగారికి, అంటే ఊరందరి టైలరు మాస్టారికి, కాలూ చెయ్యీ ఆడదు. వయసులో ఉండగా ఆయన సూదిని ఎదురుగోడకు నిలబెట్టి, కళ్లు మూసుకుని, ఇటునుంచి దారం విసిరి ఎక్కించేవాడని చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకున్నది ఆయనే.

"ఇక మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు మామయ్యగారూ. అన్నీ ఇదే చూసుకుంటుంది."

"మరి నేనేం చెయ్యాలి అల్లుడుగారూ?"

"మామూలుగా మాట్లాడండి, చాలు."

మాస్టారు మామూలుగానే మాట్లాడాడు. అదే కొంప ముంచింది.

మొదట ప్లీడరు తన నల్లకోటు కోసం ఫోను చేశాడు. "అయిపోయింది బాబూ, గుండీలే మిగిలాయి!" అన్నాడు మాస్టారు. తర్వాత హెడ్ టీచరమ్మ. "అయిపోయిందమ్మా, గుండీలే!" ఆరు నెలలుగా ఎవరడిగినా ఇదే జవాబు. ఊళ్లో దాన్ని నమ్మే ప్రాణి ఇన్నాళ్లూ ఒక్కటీ లేదు. ఇప్పుడొకటి షెల్ఫెక్కి కూర్చుంది. గుండీలంటే నూటికి ఒక వంతు పని అని అది లెక్కగట్టి, ఆ ఒక్క వంతునూ పెద్దమనసుతో మాఫీ చేసి, కొట్టులో బట్టలున్న నలభై రెండు మందికీ కబురు పెట్టింది: "మీ బట్టలు సిద్ధం. ఇప్పుడే వచ్చి తీసుకెళ్లండి."

అరగంటలో గుమ్మం నిండింది. ప్లీడరు పదకొండింటికి కోర్టులో నిలబడాలి. బస్సు డ్రైవరు బస్సును మలుపులో ఆపి మరీ వచ్చాడు. బస్సులోని జనం ఏం జరుగుతోందో చూద్దామని అతని వెనకే వచ్చారు.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. అల్లుడికి ఫోను చేసి, "ఇదేం గోల అల్లుడుగారూ! ఇంకెవర్నీ రానివ్వకండి. కొట్టు ఎత్తేశానని చెప్పండి, పీడా వదులుతుంది!" అని కేకలేశాడు.

షెల్ఫు మీదిది అదీ వింది. క్షణంలో రెండో కబురు పోయింది: "కొట్టు ఎత్తేశారు. ఇక రానక్కర్లేదు."

దాంతో అప్పటిదాకా రాని వాళ్లు కూడా తమ బట్ట ఏమైపోయిందోనని పరుగెత్తుకొచ్చారు. కూతురికీ అక్కడొక గౌను ఉంది, కాబట్టి ఆమెకూ కబురందింది. తాళం చేత్తో పట్టుకునే వచ్చింది. వెనకే రొప్పుతూ అల్లుడు.

"నాన్నా, ఇక చాలు. లే."

"ఆగమ్మా, ముందు నా కోటు సంగతి తేలనీ," అంటూ ప్లీడరు లోపలి తెర లాగాడు.

అందరూ నోళ్లు తెరిచారు. నలభై రెండు జతలూ వరసగా వేలాడుతున్నాయి. కుట్టు పూర్తయింది, కాజాలూ మిషను మీదే తీశారు, ఒక్కోదానికీ గుండీల పొట్లం పిన్నుతో గుచ్చి ఉంది.

"అయ్యో మాస్టారూ, నిజంగానే గుండీలే మిగిలాయా!" అంది టీచరమ్మ. "మరి కుట్టరేం?"

మాస్టారు చేతిసూది తీసుకుని దారం ఎక్కించబోయాడు. దారం ఒకసారి సూదికి అటుపక్కనుంచి వెళ్లింది, ఒకసారి ఇటుపక్కనుంచి వెళ్లింది. బెజ్జంలోకి మాత్రం వెళ్లలేదు.

"మిషను సూదికి అలవాటు మీద చెయ్యే ఎక్కించేస్తుందమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఈ చిన్నదే ఆర్నెల్లుగా కంటికి ఆనట్లేదు. నేనే, దారం ఎక్కించి పెట్టమని ఎవర్నడగను?"

కూతురు తాళం బల్ల మీద పెట్టి సూది అందుకుంది. టీచరమ్మ ఇంకోటి తీసుకుంది. వాళ్లు ఎక్కించి ఇస్తుంటే మాస్టారి చేతులు చకచకా గుండీలు కుట్టేశాయి. ప్లీడరు వేళకే కోర్టుకు వెళ్లాడు. బస్సు మాత్రం గంటన్నర ఆలస్యంగా కదిలింది.

"ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, షెల్ఫు మీది ఫోను ఆపుతూ.

"మీరు అడిగితేగా!"

మర్నాటి నుంచి కూతురు ఉద్యోగానికి వెళ్తూ ఇరవై సూదులకు దారం ఎక్కించి గుచ్చిపెట్టి పోతోంది. నెల తిరక్కుండా మాస్టారు ఎవరికో ఫోనులో, "అయిపోయిందమ్మా, ఇస్త్రీయే మిగిలింది!" అంటుంటే అల్లుడి చెవిన పడింది.

ఈసారి అతను ఏ మేధనూ తయారుచెయ్యలేదు. తిన్నగా వెళ్లి, ఇస్త్రీపెట్టెకు ఏమైందని మామగారినే అడిగి, దాని ఊడిన ప్లగ్గును బిగించి వచ్చాడు.