కడిగిన బుట్ట

ఐజాక్ మాస్టారి పథకం పొద్దున్న కాఫీ తాగే వేళకే సిద్ధమైపోయింది. శృంగవరపుకోటలో మొదటి బస్సెక్కాలి. ఘాటురోడ్డు దాటి డుంబ్రిగుడ సంతలో దిగాలి. భార్య లిదియాకు ఆమె పుట్టిన చోట తయారైన వస్తువు ఒకటి కొని, చీకటి పడకుండా ఇల్లు చేరాలి. తోడు కూతురు సుజానా. వస్తువు ఇంట్లోకి వస్తే భార్య బెంగ ఇంట్లోంచి పోతుందని ఆయన లెక్క. బడిలో కూడా ఆయన లెక్కలే చెబుతారు.

లిదియా బెంగ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆమె కొండల వైపు చూసేది. అక్కడ మబ్బు కమ్మితే "మా ఊళ్ళో వాన" అనేది. ఇక్కడ ఎండ కాస్తున్నా తీగ మీద బట్టలు ఒక్కోసారి లోపలికి తెచ్చేసేది. అంత దగ్గరలో ఉన్నా, తల్లి సోములమ్మ పోయాక మళ్ళీ కొండ ఎక్కలేదు. "పోనీ వెళ్ళొద్దాం పద" అని మాస్టారు ఎన్నిసార్లు అన్నా ఒకటే జవాబు.

"అడిగేవాళ్ళు లేని ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తామండీ?"

"సరే, ఏం తెమ్మంటావో చెప్పు."

లిదియా కుట్టుమిషను ఆపింది. "మా అమ్మ ఇంటి వాసన వచ్చేది ఏదైనా తెండి."

"వాసనలు సంతలో అమ్మరే!"

"అయితే ఏటీ తేవద్దు."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న సుజానా ఇదంతా విన్నది. ఆమె ఇంటరు చదువుతోంది కానీ నలుగురిలో నోరు పెగలదు. అమ్మమ్మ ఇల్లు ఆమెకు కొంచెమే గుర్తుంది. ఒక మెత్తని ఒడి, ఒక పొయ్యి, కళ్ళు మండించే పొగ. ఆ కొంచెం మళ్ళీ దొరుకుతుందేమోనని బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రతి మలుపులోనూ గాలి పీల్చి చూసింది.

సంతలో కొత్త వెదురు బుట్టలు వరసగా బోర్లించి ఉన్నాయి. తెల్లగా, అందంగా ఉన్నాయి. వాటికి పచ్చి వెదురు వాసన తప్ప మరేమీ లేదు. సుజానా కళ్ళు మాత్రం బుట్టలమ్మే కనక అనే ఆవిడ వెనకాల ఉన్న పాత బుట్ట మీద పడ్డాయి. అందులో ఆమె మధ్యాహ్నం తినే అన్నం గిన్నె ఉంది. ఏళ్ళ తరబడి పొయ్యి మీద వేలాడి బుట్ట నల్లగా నిగనిగలాడుతోంది. సుజానా వంగి వాసన చూసింది. అమ్మమ్మ ఇంటి పొగ వాసనే. మాట రాక నాన్న చొక్కా పట్టుకుని లాగింది.

"అది నా అన్నం బుట్ట బాబూ," అంది కనక. "కొత్తవి ఇన్నుంటే నీకు మసిబుట్టేటి?"

"మా ఆవిడ ఈ పక్కదేనమ్మా. సోములమ్మగారి కూతురు, లిదియా. ఎరుగుదువా?"

"ఏ సోములమ్మ? ఇదిగో, ఈ అల్లమమ్మేదీ సోములమ్మే."

తన పేరు వినబడి, అల్లం అమ్మే ఆవిడ తలెత్తి నవ్వింది. లిదియా ఎవరో ఆమెకూ తెలియదు. ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. మాస్టారు ఇంకో నలుగురిని అడిగి ఊరుకున్నారు. అడిగేవాళ్ళు లేరన్న అమ్మ మాట సుజానాకు అప్పుడు అర్థమైంది.

చివరికి మాస్టారి కొత్త గొడుగు మీద కనకకు మనసు పడింది. గొడుగు అటు వెళ్ళింది, బుట్ట ఇటు వచ్చింది.

బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. సుజానా సంత చివరికి వెళ్ళి, సామ చేల మధ్య నుంచి పైకి పోయే కాలిబాట చూస్తూ నిలబడింది. అమ్మమ్మ ఇంటికి దారి అదేనా? అడుగుదామంటే నోరు రాలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి మాస్టారు బోరింగు దగ్గర చేతులు తుడుచుకుంటున్నారు. పక్కన లేత పసుపు రంగు బుట్ట ఒకటి మిలమిల మెరుస్తోంది.

"చూశావా సుజా! చొక్కా నిండా మసి అంటుకుంది. పెళ్ళానికి మసిబుట్ట ఇస్తామా ఏమిటి? సబ్బుపొడి వేసి, కొబ్బరి పీచుతో ఒకటే రుద్దుడు!"

సుజానా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్నా... వాసన."

మాస్టారు బుట్టలో ముక్కు పెట్టారు. నిమ్మకాయ సబ్బు వాసన గుప్పుమంది. ఆయన ముఖం మెల్లగా పాలిపోయింది.

ఇద్దరూ కనక దగ్గరికి పరుగెత్తారు. ఆమె బుట్టను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"కడిగీసినావా బాబూ? సంతానమ్మా, ఇలా వచ్చి సూడే! పొగ కడిగీసేడంట!" అని పక్కన అమ్మే ఆవిణ్ణి పిలిచింది. సంతంతా నవ్వింది. "బేగి ఎలగొస్తాది పొగ? మా పొయ్యి మీద కట్టీసి, వచ్చే వానలకి రా."

వచ్చే వానల దాకా బస్సు ఆగదు. రోడ్డు పక్కన కామేష్ అనే కుర్రాడు వెదురు గొట్టాల్లో బొంగు చికెన్ కాలుస్తున్నాడు. నిప్పు ఉంది, పొగ ఉంది. మాస్టారు బతిమాలి, బుట్టను పొగ మీద పట్టుకున్నారు. తడి బుట్ట నుంచి నీళ్ళు కారి నిప్పులు చుయ్యిమన్నాయి. పొగ ఇంతెత్తున లేచింది. ఆ పొగకు కారాపి ఒక విశాఖపట్నం కుటుంబం దిగింది.

"ఇదేంటి బాబూ, కొత్త ఐటమా?"

కామేష్ రెప్ప వాల్చలేదు. "బుట్ట చికెన్ సార్. ఆర్డరు మీదే చేస్తాం."

"మాకొకటి!"

"మాస్టారూ, బుట్ట దించీకండి, పార్టీ వచ్చింది," అంటూ అతను బొంగులోని వేడివేడి చికెన్ తెచ్చి బుట్టలో బోర్లించాడు. మాస్టారు 'అయ్యో' అనేలోగా అడుగు నుంచి మసాలా కారింది, నూనె పడి మంట లేచింది, బుట్ట అంచు అంటుకుంది. పక్క బడ్డీ వరహాలరావు చేతికి అందింది తెచ్చి కుమ్మరించాడు. అది కాఫీ డికాక్షను.

"కాఫీ ఫ్లేవరు అదిరింది," అన్నాడు కారాయన, లొట్టలేస్తూ. వెనక ఇంకో కారు ఆగింది.

ఇక కామేష్ బుట్ట వదలనన్నాడు. "ఇంకో ఆర్డరుంది మాస్టారూ, ఒక్క పావుగంట!" మాస్టారు ఒక అంచు, కామేష్ ఒక అంచు పట్టుకుని గుంజుకుంటున్నారు.

"అది మా అమ్మ బుట్ట!"

ఆ కేక ఎవరిదో సుజానాకు మొదట తెలియలేదు. అందరూ తన వైపే చూస్తుంటే తెలిసింది. కామేష్ చెయ్యి వదిలేశాడు.

బస్సు దగ్గరికి వెళ్ళేసరికి వాన కురిసింది. గొడుగు లేదు కనుక మాస్టారు బుట్ట నెత్తిన బోర్లించుకున్నారు. ఘాటు పొడుగునా బస్సులో జనం ముక్కులెగరేస్తూనే ఉన్నారు. "చికెను తెచ్చినోళ్ళెవరో పంచీసుకుంటే పోయేది గదా," అని కండక్టరు రెండుసార్లు ప్రకటించాడు. దిగాక ఇంటిదాకా ఒక కుక్క మాస్టారి వెంట భక్తిగా నడిచింది.

లిదియా వీధిగుమ్మంలోనే ఎదురుచూస్తోంది. బుట్ట అందుకుని, ఏమీ అడగకుండా ముఖం అందులో పెట్టేసింది. చాలాసేపు అలాగే ఉంది.

"సబ్బు," అంది లిదియా బుట్ట లోపలి నుంచే. "మసాలా. కాఫీ." తల ఎత్తింది. "మా అమ్మ ఇంట్లో ఒక్కరోజున ఇన్ని ఎప్పుడూ వండలేదండీ."

మాస్టారు జరిగిందంతా దాచకుండా చెప్పారు. లిదియా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు చేరగిలబడి నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు కానీ, కొంగు కళ్ళ దాకా వెళ్ళింది.

"పోనీలెండి. వాసన సంగతి సరే. నన్నెవరైనా అడిగేరా అక్కడ?"

మాస్టారు దండెం మీది తువ్వాలు వైపు చూశారు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. కుక్క కూడా గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

"అడిగేరమ్మా," అంది సుజానా.

"ఎవరే?"

"అందరూ. లిదియా ఏదీ, లిదియా రాదేం, అని."

లిదియా కూతురి ముఖంలోకి చూసింది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడే పిల్ల. అందులో అబద్ధానికి చోటెక్కడిది?

"అందరూనా? ఇన్నాళ్ళూ నేనే వాళ్ళని మర్చిపోయినట్టు కూర్చున్నానే!" ఆమె లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. మంచి చీర ఒకటి తీసి మడత విప్పి చూసుకుంది. ఆ గొంతులో సుజానా ఎప్పుడూ వినని తొందర వినబడింది. "వచ్చే సంతకి నేనూ వస్తానండీ. సంత నాడైతే అందరూ ఒక్కచోటే కనబడతారు."

వచ్చే సంతలోగా డుంబ్రిగుడలో కనీసం నలుగురి చేత 'లిదియా ఏదీ' అనిపించవలసిన బాధ్యత ఇప్పుడు తండ్రీకూతుళ్ళ మీద పడింది.