సౌనాకీ ఇంటికీ మధ్య దారి

వెర్న్ హౌతలా తన జన్మలో పెళ్ళాం కోసం చేసిన పెద్ద పని ఒకే ఒక్కటి. అదీ పెళ్ళాం కోసం చేసింది కాదు. ఆ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ మనిషి ముఖం మాడిపోతుంది. కానీ ఏం లాభం, జరిగిందేదో జరిగింది కాబట్టి చెప్పుకోవాల్సిందే.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒకనాటి పొద్దున్న, ఎల్నా వంటింటి కిటికీలోంచి బయటికి చూసి ఉలిక్కిపడింది. మంచుబండ్ల సంఘంవాళ్ళ యంత్రం, మంచు మీద నడిచే మోటారుబండ్లకి అడవి దారులు చదును చేస్తూ తిరగాల్సింది, ఆవిడ పెరట్లో గుర్రుగుర్రుమంటూ తిరుగుతోంది. లోపల కూర్చున్నది ఆవిడ మొగుడే. సంఘంలో దారుల పెద్ద ఆయనే మరి. ఆవిడ శాలువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఏవండీ! ఏం చేస్తున్నారక్కడ?”

“దారి వేస్తున్నా.”

“ఎవరికీ?”

“నీకే! సౌనాకి వెళ్ళేటప్పుడు మంచులో జారి పడుతున్నావు కదా.”

“ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ పడుతూనే ఉన్నానుగా!”

“అందుకే. ఇంక చూడలేకపోయాను.”

ఎల్నా కళ్ళు చికిలించి చూసింది. ఇంటి పక్కనుంచి మొదలైన దారి పెరడు దాటి, సౌనా అనే ఆవిరిస్నానాల గది గుమ్మాన్ని రాసుకుంటూ అవతల అడవిలోకి పోయింది.

“ఇంత వెడల్పెందుకండీ?”

“నీ వెడ…” అనబోయి వెర్న్ నాలిక్కరుచుకున్నాడు. “తువ్వాళ్ళ బుట్టతో వెళ్తావు కదా, చేతులకి అడ్డం తగలకూడదని.”

“మరి అడవిలోకి పోయిందేం? సౌనా ఇక్కడేగా ఉంది?”

“యంత్రం వెనక్కి తిప్పాలంటే చోటక్కర్లేదటే?”

కొంగుతో కళ్ళొత్తుకునే అలవాటు వాళ్ళలో లేదు గానీ, ఏప్రన్‌తో ముక్కు మాత్రం తుడుచుకుంది ఎల్నా. ఆ మధ్యాహ్నం ఆరు గుడ్లు కొట్టి, వెన్న పోసి, వెర్న్‌కి ప్రాణమైన అట్టు ఓవెన్‌లో కాల్చింది. సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి, “మీ బావగారికి నేనంటే ఇంత ఇదని నాకే తెలీదే,” అని చెప్పుకుంది. పక్క గదిలో కూర్చుని అట్టు తింటున్న వెర్న్‌కి ఆ మాట వినబడింది. మూడో ముక్క గొంతులోనే ఆగిపోయింది. అయినా తిన్నాడనుకోండి.

అసలు సంగతేమిటంటే, ఏటా ఫిబ్రవరిలో కోయివూ లేక్ మంచుబండ్ల సంఘం ఒక యాత్ర చేస్తుంది. నూట నలభై బండ్లు బారులు తీరి అడవిలో తిరుగుతాయి. దారిలో అయిదు మజిలీలు, మజిలీకో పేకముక్క. అయిదూ కలిపి ఎవరి ఆట పెద్దదైతే వాళ్ళకి బహుమతి. వచ్చిన డబ్బంతా క్యాన్సర్ రోగుల ప్రయాణాలకి పోతుంది. వాళ్ళ ఆస్పత్రి వంద మైళ్ళ దూరం.

ఆ యాత్ర చుట్టు తిరిగి రావాలంటే వాల్ఫ్రెడ్ నలభై ఎకరాల్లోంచి పోవాలి. ఏడాదికొక్కసారైనా ఆ చుట్టు పూర్తిగా తెరవకపోతే ప్రభుత్వం దాన్ని పటంలోంచి తీసేస్తుంది. పటంలో లేని దారికి చదును చేసే ఖర్చు ఇవ్వదు. ఇక వాల్ఫ్రెడ్ ఎవరంటారా? ఎల్నాకి సొంత అన్నయ్య. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరి మనిషి. వెర్న్‌కి బావ. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం వింటే నవ్వుతారు. పదకొండేళ్ళ కిందట చర్చి విందులో, అందరి ముందూ, “మా వెర్న్ బావ చదును చేసిన దారి మీద పోతే కట్టుడు పళ్ళు ఊడి జేబులో పడతాయి,” అన్నాడు వాల్ఫ్రెడ్. అందరూ నవ్వారు. అందరికన్నా ముందు ఎల్నా నవ్వింది. వెర్న్ లేచి కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. “ఇంకెప్పుడూ ఆ మనిషి పేరు నా ఇంట్లో ఎత్తొద్దు,” అన్నాడు. అంతే. అంత చిన్న మాటకి అన్నేళ్ళు!

మరి ఇన్నేళ్ళూ దారెలా వచ్చిందీ అంటే, అక్కడో పద్ధతి ఉంది. భూమి ఇచ్చేవాళ్ళని ఏటా అక్టోబరులో సంఘంవాళ్ళు ఇంటికెళ్ళి అడగాలి. వంటింట్లో కూర్చోవాలి, కాఫీ తాగాలి, అడగాలి, చెయ్యి కలపాలి. కిందటేడు ఇచ్చారు కదా అని ఊరుకోకూడదు. వెర్న్ మిగతా పదహారిళ్ళకీ తనే వెళ్ళేవాడు. పదిహేడో ఇంటికి ఎల్నా యాలకుల రొట్టె కాల్చి పట్టుకెళ్ళేది. ఎవరు వెళ్తున్నారో వెర్న్‌కి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

కిందటి అక్టోబరులో మాత్రం రొట్టె ఇచ్చి వచ్చిన ఎల్నా కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ అంది:

“ఈసారి మిమ్మల్నే రమ్మన్నాడు.”

“ఎవరూ?”

“పేరెత్తొద్దన్నారుగా. ఆ పేరు లేనాయన.”

“ఎందుకట? కాళ్ళ మీద పడాలటా?”

“కాఫీ తాగాలట.”

“కాఫీ మనింట్లో లేదూ?”

“ఒక్కసారి వెళ్ళి రండి. నా మాటకోసం. ఈ ఏడు వెళ్ళండి.”

ఆ “ఈ ఏడు” అన్నప్పుడు ఆవిడ గొంతు కాస్త వణికింది. కాఫీ ఆవిరికేమో అనుకున్నాడు మహానుభావుడు. “చూద్దాంలే,” అన్నాడు. అక్టోబరు పోయింది, క్రిస్మస్ పోయింది, జనవరిలో సంఘం సమావేశం వచ్చింది. అధ్యక్షుడు గోర్డన్, గంటల తరబడి మాట్లాడతాడని అందరూ గంటల గోర్డన్ అంటారు, సూటిగా అడిగాడు: “ఏం వెర్న్, వాల్ఫ్రెడ్ ఏమన్నాడు?”

నేను వెళ్ళలేదు అనడానికి నోరు రాలేదు. “ఇవ్వనన్నాడు,” అన్నాడు వెర్న్.

ఒక్క మాట. అన్న క్షణంలోనే వెనక్కి తీసుకుంటే బాగుండేది. కానీ ఈలోగా, “క్యాన్సర్ రోగుల యాత్రకా ఇవ్వనన్నదీ!” అని అందరూ మండిపడ్డారు. “పోనీలెండి, మా పెరడు ఇస్తాను. అటునుంచి చుట్టు కలిసిపోతుంది,” అన్నాడు వెర్న్. వెంటనే చప్పట్లు! గోర్డన్ అయితే లేచి కౌగలించుకున్నాడు. చప్పట్లు కొట్టించుకున్న అబద్ధాన్ని ఇంకెలా వెనక్కి తీసుకుంటాడు?

ఆ మాట ఎల్నా చెవిన పడకుండా చూడాలి కదా. “చలిలో నువ్వెందుకే, సరుకులు నేనే తెస్తా,” అన్నాడు. తెచ్చాడు. మైదా తెమ్మంటే మొక్కజొన్న పిండి, యాలకులు తెమ్మంటే మిరియాలు. అదీ ప్రేమే అనుకుంది పాపం. మిరియాలు డబ్బాలో పోసుకుంటూ, “వయసు మీద పడ్డాక మొగుళ్ళు మెత్తబడతారంటారు, నిజమేనండీ,” అంది. ఇలాంటి మాటలకి బదులు గరిటెతో ఒక్కటి వేసినా బాగుండుననిపించింది వెర్న్‌కి.

యాత్ర రోజు శనివారం. వెర్న్ లెక్కంతా పక్కాగా ఉంది. శనివారం సౌనా సాయంత్రం నాలుగింటికి. ముప్ఫై నాలుగేళ్ళలో నాలుగుకి ముందు రాజెయ్యలేదు. బండ్లు పెరట్లోకి వచ్చేది పదకొండుకి. పైగా ఆ పొద్దున్నే ఎల్నా, “నేను పదకొండులోపే కాస్త బయటికెళ్ళాలండీ,” అంది. ఎక్కడికని అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని వెర్న్ అడగలేదు. సంతోషంగా శిరస్త్రాణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదకొండుకి, నూట నలభై బండ్ల బారుకి ముందుండి, తన పెరట్లోకి తిరిగాడు వెర్న్. సౌనా పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. బయటికెళ్ళేవాళ్ళు ముందు స్నానం చేస్తారన్న ముక్క ఆయన లెక్కలోకి రాలేదు. చెయ్యి దానంతటదే బ్రేకు నొక్కింది. ముందు బండి ఆగితే వెనక బండ్లన్నీ ఆగాలి, అది నియమం. నూట ముప్ఫై తొమ్మిదీ ఆగాయి.

“ఓహో, మూడో మజిలీ ఇక్కడే పెట్టావా! చెప్పలేదే!” అన్నాడు గోర్డన్ మురిసిపోతూ. జనం బండ్లు దిగి సౌనా ముందు వరస కట్టారు. వెర్న్ బండి దిగేలోగానే వరసలో ముందున్న గడ్డం కెల్విన్ తలుపు కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. గుప్పున ఆవిరి. ఆవిరి వెనక తువ్వాలు చుట్టుకుని, చేతిలో ఆవిరిస్నానంలో ఒంటికి తట్టుకునే బర్చి మండలు పట్టుకుని ఎల్నా.

“ముక్క ఇవ్వక్కా,” అన్నాడు కెల్విన్.

“ఏం ముక్కరా?”

“పేకముక్క. మూడోది.”

“నా దగ్గరున్నవి మండలే. కావాలంటే వీపిటు తిప్పు!”

వెనకనుంచెవరో, “కాఫీ ఉందా ఇక్కడ?” అని అరిచారు. ఎల్నా తలుపు చాటునుంచి తల బయటికి పెట్టి ఆ వరసని చివరిదాకా చూసింది. తడిజుట్టు అప్పటికే కొసల్లో గడ్డ కట్టడం మొదలైంది. గోర్డన్ పరిగెత్తుకొచ్చి, కళ్ళు నేలకేసి దించుకుని, క్షమాపణ మొదలెట్టాడు.

“ఏమీ అనుకోకు ఎల్నమ్మా. మీ అన్నయ్య దారివ్వనన్నాడు కాబట్టి ఇలా రావాల్సి వచ్చింది. వెర్న్ దొడ్డ మనసుతో తన పెరడే ఇచ్చాడు. అయినా రోగుల కోసం చేసే యాత్రకి గేటు మూసేవాడు…”

“మా అన్నయ్య ఇవ్వనన్నాడని ఎవరు చెప్పారూ?”

గోర్డన్ మాట్లాడలేదు. జీవితంలో మొదటిసారి. వెర్న్ వైపు చూశాడు. కెల్విన్ చూశాడు. వరసంతా చూసింది.

ఎల్నా కూడా చూసింది. కేకలేస్తుందని వెర్న్ భుజాలు ముడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ కేకలెయ్యలేదు.

“ఈ దారి నాకోసం కాదన్నమాట,” అంది.

ఆ మాటకి వెర్న్ గుండె చెరువైపోయింది. మండలతో కొట్టినా బాగుండేది.

కెల్విన్ పైన తొడుక్కున్న చలికోటూ లాగూ విప్పి లోపలికి అందించాడు. రెండు నిమిషాల్లో ఎల్నా వాటిలో మునిగి బయటికొచ్చింది. “వెనక్కి జరగండి,” అని మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, బండి తనే నడిపింది. పాత దారి పట్టి అన్నయ్య పొలం వైపు తిప్పింది. ముందు బండి ఎటుపోతే మిగతావి అటే పోవాలి కదా, నూట ముప్ఫై తొమ్మిదీ ఆవిడ వెంట పడ్డాయి.

వాల్ఫ్రెడ్ గేటు బార్లా తీసి ఉంది. గుంజకి ఎర్ర రుమాలు కట్టి ఉంది. లోపల దారి పొడుగునా ఎవరో పాత బండితో అటూ ఇటూ తొక్కి మంచు గట్టిపరిచారు. గేటు పక్కన వంటింటి కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని, ఒళ్ళో కాఫీ గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు వాల్ఫ్రెడ్. తొమ్మిదింటినుంచీ కూర్చున్నాడట, బండ్లు పోతుంటే చూద్దామని.

“ఆలస్యమైందే చెల్లాయ్,” అన్నాడు. “ఇటు రారేమో అనుకున్నాను.”

బండ్లన్నీ ఇంజన్లు ఆపేశాయి. వెర్న్ దిగి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక శిరస్త్రాణం తీశాడు. మర్యాదకి వాల్ఫ్రెడ్ కూడా టోపీ తీశాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలూ లేవు.

“బావా,” అన్నాడు వెర్న్. “ఎప్పట్నించి?”

“ఆగస్టు నుంచి.”

“నాకెవరూ చెప్పలేదే!”

“నా పేరెత్తొద్దన్నావటగా. అయినా నేనే చెప్పొద్దన్నాను. జాలిపడి వస్తావని. ఊరికే రావాలి నువ్వు.” వాల్ఫ్రెడ్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. “మొన్న పోస్టాఫీసులో ఒక్కళ్ళూ పలకరించలేదు బావా. జబ్బు ముఖం చూసి తప్పుకుంటున్నారనుకున్నాను.”

గోర్డన్ తల దించుకున్నాడు. అందరూ దించుకున్నారు. వెర్న్ మాత్రం అక్కడే, అందరి ముందూ, “ఆయన ఇవ్వనన్లేదు. నేను అడగలేదు. అబద్ధం చెప్పాను,” అన్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎల్నా వంక చూసి వాల్ఫ్రెడ్ నిట్టూర్చాడు. “ఆ కాగితం ఇవ్వలేదా చెల్లాయ్?”

“నువ్వే అన్నావుగా, యాత్ర రోజుదాకా ఆగమని,” అని వెర్న్ వైపు తిరిగింది. “మీరు రాకపోయినా దారాగకూడదని అన్నయ్య అక్టోబరులోనే సంతకం పెట్టిచ్చాడండీ. యాలకుల డబ్బా అడుగున ఉంది, ఇవాళ స్నానం చేసి ఇక్కడికే పట్టుకొద్దామనుకున్నా. మీరు మిరియాలు తెచ్చారు కానీ, యాలకులు తెచ్చుంటే పొయ్యడానికి డబ్బా తీసేదాన్ని, ఎప్పుడో కనబడేది మీ కళ్ళకి.”

వాల్ఫ్రెడ్ నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. గిన్నెలోంచి కాఫీ వంచి వెర్న్‌కిచ్చాడు. చల్లగా ఐసుగడ్డలా ఉంది. వెర్న్ మొత్తం తాగాడు. తర్వాత నూట నలభై బండ్లూ ఒక్కొక్కటే ఆ గేటులోంచి మెల్లగా పోయాయి. ప్రతివాడూ వాల్ఫ్రెడ్‌కి చెయ్యి కలిపి మరీ వెళ్ళాడు.

తర్వాత పెరటి దారిని వెర్న్ వదిలెయ్యలేదు. ఏప్రిల్లో మంచు కరిగేదాకా చదును చేస్తూనే ఉన్నాడు. శనివారం శనివారం బావని చెయ్యి పట్టుకుని ఆ దారిన సౌనాకి తీసుకెళ్ళేవాడు. “ఇప్పటికి నున్నగా చెయ్యడం నేర్చుకున్నావయ్యా,” అనేవాడు వాల్ఫ్రెడ్. అలాంటి శనివారాలు ఎనిమిది దొరికాయి. తొమ్మిదో శనివారానికి ఆయన లేడు.

నలభై ఎకరాలూ ఎల్నా పేర రాసి పోయాడు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. పొద్దున్న ఫలహారం దగ్గర వెర్న్ గొంతు సవరించుకున్నాడు.

“ఎల్నా, ఈ ఏడు మరి… దారి…”

“ఏ దారి?”

“అదే, మీ నలభై ఎకరాలు. సంఘానికి…”

“అడిగేవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతారు. ఇలా రొట్టెకి వెన్న రాసుకుంటూ కాదు,” అని ఎల్నా కోటు తొడుక్కుని అన్నయ్య ఇంటివైపు నడిచింది.

వెర్న్ గడ్డం గీసుకున్నాడు. చర్చికి తొడుక్కునే కోటు వేసుకున్నాడు. వట్టి చేతులతో ఎలా వెళ్ళడం? పుస్తకం చూసుకుంటూ తనే యాలకుల రొట్టె కాల్చాడు. ఒక పక్క మాడింది, రెండో పక్క ఉడకలేదు. దాన్నే గుడ్డలో చుట్టుకుని, వాల్ఫ్రెడ్ ఇంటికి నడిచి వెళ్ళి తలుపు కొట్టాడు.

“ఎవరూ?”

“నేనే. మంచుబండ్ల సంఘం తరఫున.”

“సంఘానికి పేరుంటుందిగా?”

“వెర్న్ హౌతలా.”

“లోపలికి రండి, కూర్చోండి. అన్నయ్య కుర్చీ కాదు, ఇవతలది.”

వెర్న్ ఇవతలి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఈ ఏడాది కూడా మీ పొలంలోంచి మాకు దారి ఇస్తారా అని అడగడానికొచ్చాను,” అన్నాడు.

ఎల్నా చెయ్యి చాపింది. ఇద్దరూ చెయ్యి కలిపారు. ఆవిడ చెయ్యి వదల్లేదు.

“పదకొండేళ్ళ కిందట ఈ మాట అడగడానికి ఎంతసేపు పట్టేదండీ?”

వెర్న్ కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

“ఇంతే సేపు,” అన్నాడు.

ఎల్నా లేచి కాఫీ పోసింది.