లేసా గారి ఫోన్ పీకిన రోజు

ఆ ఉదయం తావీతా మొదటి ఓడ ఎక్కి అనుకున్నది ఒక్కటే: సవాయీ దీవి ఆసుపత్రిలో పని ముగించుకుని నాలుగింటి ఓడకు వెనక్కి రావాలి. మర్నాడు తొమ్మిదింటికి అవతలి దీవిలో, సొంతూళ్లో, అతనికి తాతగారి పెద్దరికపు బిరుదు ఇస్తున్నారు. వేళకు వేడుక చాప మీద కూర్చుని లేకపోతే అది పినతండ్రి కొడుక్కి పోతుంది.

పని చిన్నదే. ఆసుపత్రి సర్వర్ వారానికోసారి మొరాయిస్తుంది. ఓడ ప్రయాణం పడని తావీతా ప్రతిసారీ సముద్రం దాటి వచ్చి దాన్ని లేపాలి. ఇప్పుడు దాని ముఖాన ఉన్న యూఎస్‌బీ పోర్టుకు ఒక చిన్న పెట్టెను తీగతో తగిలిస్తే చాలు, అవతలి దీవిలో, అపియాలోని ఆఫీసులో కూర్చునే లేపుకోవచ్చు. తీరా చూస్తే ఆ పోర్టులో ఎవరిదో ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పీకి బల్ల మీద పెట్టాడు.

"అదెవరిదో తెలుసా తమ్ముడూ?" అంది నర్సు మాసీనా.

"ఎవరిదైతేనేం అక్కా. ఇక ఈ తీగను ఎవరూ కదపకూడదు."

ఆమె మళ్లీ రోగుల దగ్గరికి వెళ్లిపోయింది. అనాల్సినవాళ్లు వేరే ఉన్నారని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం తావీతా సంచి సర్దుకునేసరికి ఊరి పెద్ద లేసా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. కూర్చున్న పెద్దమనిషిని దాటి నిలువుగా ఎవరు పోతారు? తావీతా ఎదురుగా చతికిలబడ్డాడు. లేసా గొంతు సవరించుకుని కొండలకు, పూర్వీకులకు వందనాలు చెప్పడం మొదలుపెట్టాడు. అంతటి పెద్దమనిషి ఎకాఎకిన ఫోన్ మాట ఎత్తుతాడా మరి?

బిరుదు సంగతి తెలిసి దీవిస్తున్నాడనుకున్నాడు తావీతా. ప్రసంగానికి బదులు ప్రసంగమే. రేపటికోసం కంఠతా పట్టినదంతా అప్పజెప్పాడు. లేసా ముగ్ధుడయ్యాడు. ఇంత మంచి మాటకు బదులివ్వకపోతే ఊరి పరువేం కాను? మర్యాదకు ఇచ్చే వేరు పానీయం, కావా, కలపమన్నాడు. కావా వస్తే దానికి వందనం, ఆ వందనానికి మళ్లీ బదులు. యంత్రానికి ప్రారంభోత్సవం కాబోలనుకుని మాసీనా కొబ్బరిపాలు పోసిన టారో దుంపలు తెప్పించింది. వడ్డించాక తినకుండా లేవడం ఎక్కడైనా ఉందా?

ప్రసంగం మూడో విడత పూర్వీకుల దగ్గర ఉండగా రేవులో నాలుగింటి ఓడ కూత వేసింది. తావీతా ముఖం పాలిపోయింది.

"పెద్దయ్యా, నా బిరుదు పోయింది. రేపు తొమ్మిదింటికి..."

"ఏ ఊరు నాయనా?"

చెప్పాడు. లేసా చేతిలోని కావా చిప్ప కింద పెట్టాడు.

"అక్కడ బిరుదు ప్రకటించే పెద్దను నేనే. ఏ ఓడకు రావాలో మీవాళ్లు ఫోన్ చేసి చెబుతామన్నారు. పొద్దుటినుంచి కాచుక్కూర్చున్నాను. ఛార్జి అయిపోయి ఉన్న ఆ ఫోనే నువ్వు పీకేశావు."

"ఆ మాట ముందే అనకపోయారా?"

"అనడానికే కదా వచ్చాను. నువ్వు అననిచ్చావా?"

మర్నాడు ఇద్దరూ మొదటి ఓడలోనే వెళ్లారు. తావీతా దారంతా వాంతి చేసుకున్నాడు, చేరేసరికి పదకొండయింది. లేసా రానిదే ఎవరూ మొదలుపెట్టలేదు గనుక బిరుదు దక్కింది.

ఇప్పుడు ఆ సర్వర్‌ను అపియా నుంచే లేపుతున్నాడు, లేసా గారి ఫోన్ ఛార్జి నిండి ఆ పోర్టు ఖాళీ అయ్యాక.