నెమళ్ళ అంచు, వెనక్కి నడిచిన అప్‌డేట్

ఆ ఉదయం వాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్‌లోపు కంప్యూటర్ అప్‌డేట్ చేయాలి, తరవాత అందులో తను గీసిన నెమళ్ళ చీర అంచు ప్రింటు తీసి ఉంచాలి. మధ్యాహ్నం చీరల వ్యాపారి ఉమామహేశ్వరరావు బందరు నుంచి పెడనలోని వాణి వాళ్ళ కలంకారీ షెడ్డుకు అంచు చూడటానికి వస్తాడు. ఆయన ఆర్డర్ ఖాయం చేస్తే కంప్యూటర్ ఇంట్లో ఉంటుంది. చేయకపోతే ఆ బల్ల మీదికి మళ్ళీ పిండి డబ్బాలే వస్తాయని అత్తగారు నాగేశ్వరమ్మ ముందే చెప్పేసింది.

అది లినక్స్ కంప్యూటర్. గుడివాడలో ఉండే తమ్ముడు సతీష్ సిద్ధం చేసి ఇచ్చాడు. వాణి ఎప్పుడూ కొట్టే కమాండే కొట్టింది. తెర మీద పెద్ద జాబితా వచ్చింది. అందులో కొత్తవయ్యే ప్యాకేజీలు నాలుగే. వందకు పైగా పాత వెర్షన్లకు దిగిపోతాయట. సరేనంటే వై, వద్దంటే ఎన్ కొట్టమని కింద అడుగుతోంది. ఆమెకు భయం వేయలేదు, వింతగా అనిపించింది. ముందుకు పొమ్మంటే ఇది వెనక్కి ఎందుకు నడుస్తోంది? తమ్ముడికి ఫోన్ చేసింది.

"ప్రోగ్రాములు దింపుకోవడానికి నేను పెట్టిన ఇంకో సోర్స్ ఉండాలి కదక్కా. కొత్త డ్రాయింగ్ ప్రోగ్రామ్, దానికి కావలసినవన్నీ అక్కణ్ణించే వచ్చాయి. ఉందా?"

"ఎప్పుడు చూసినా ఏదో ఎర్రర్ చూపిస్తోందిరా. మొన్న తీసేశాను."

"తీసేశావా! ఇంకేం, సిస్టమ్ తన దగ్గరున్న పాతవే పెట్టుకుంటోంది. ఎన్ కొట్టు."

"వై కొట్టేశాను."

"ఎందుకక్కా?"

"ఏమవుతుందో చూద్దామని."

"సరేలే. అయ్యేదాకా ముట్టుకోకు. మధ్యలో ఆగిందంటే కొంప మునుగుతుంది."

సరిగ్గా అప్పుడే మామగారు అచ్యుతరావు తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

నాగేశ్వరమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఆపవే! మొదట్లోనే ఒంటి తుమ్ము. కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలెట్టు."

"ఇది మధ్యలో ఆపకూడదత్తయ్యా!"

"నువ్వు ఆపకపోతే నేనాపుతా."

గోడ మీద స్విచ్ టక్కుమంది. తెర నల్లబడింది. నాగేశ్వరమ్మ అందరికీ నీళ్ళిచ్చింది. అసలు పని చేసేది అదే కదా అని కంప్యూటర్ ముందు కూడా ఒక గ్లాసు పెట్టింది. పక్కనే షెడ్డులో అద్దకం వేసేవాళ్ళు ఆపమన్నది తమనే అనుకున్నారు. సగం అద్దిన గుడ్డ బల్ల మీద వదిలేసి, వాళ్ళూ నీళ్ళు తాగి కూర్చున్నారు.

మళ్ళీ స్విచ్ వేస్తే తెర మీద బొమ్మల్లేవు, అక్షరాలే. సతీష్ ఫోన్‌లో ఒక్కో కమాండూ చెబుతుంటే వాణి కొట్టసాగింది.

"నేను ఇంకోటి తుమ్మనా? రెండైతే దోషం ఉండదుగా" అన్నాడు అచ్యుతరావు వెనక నుంచి.

"కావాలని తుమ్మింది లెక్కలోకి రాదండీ" అంది నాగేశ్వరమ్మ.

ఎట్టకేలకు అప్‌డేట్ పూర్తయింది, అంటే అన్నీ పాతబడ్డాయి. 'ఈ ఫైలు నాకంటే కొత్తది, ఇందులో కొన్ని కనిపించవు' అని చెప్పి మరీ డ్రాయింగ్ ప్రోగ్రామ్ తెరుచుకుంది. నెమళ్ళు వచ్చాయి గానీ, వాణి రోజుల తరబడి దిద్దిన నీడలూ మెరుపులూ రాలేదు. వట్టి గీతలు మిగిలాయి.

"ఏంటండీ, ఇవాళ షెడ్డుకు సెలవా?" అంటూ ఉమామహేశ్వరరావు చెప్పిన వేళకంటే ముందే లోపలికి వచ్చాడు. తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నాగేశ్వరమ్మ బల్లను కళ్ళతోనే కొలిచింది.

"ఎవరు వేశారమ్మా ఇది?"

"నేనేనండీ. కాకపోతే..."

"నిజం చెప్పాలంటే ఆర్డర్ వద్దని చెప్పడానికే వచ్చాను. మొన్న వాట్సాప్‌లో పంపావే, అది మిల్లు చీర మీద బొమ్మలా తళతళలాడిపోతోంది. ఫోన్లో చెబితే బాగోదని బయల్దేరాను. ఇదమ్మా, కలంకారీ అంటే! అచ్చుల మీద ఇదే చెక్కించండి. కొంగు కూడా ఇలాగే గియ్యి."

స్విచ్ ఆపింది తనేనని నాగేశ్వరమ్మ షెడ్డంతా తిరిగి చెప్పింది. అద్దకం వేసేవాళ్ళు మళ్ళీ పనిలోకి దిగారు.

సాయంత్రం సతీష్ ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "అక్కా, దారి దొరికింది! పొద్దున పాతబడినవన్నీ రేపటికల్లా కొత్తవి చేసేస్తాను."

ఆ వారమంతా వాణి ఫోన్‌కు ఒక్క గుడివాడ నుంచి మాత్రం సిగ్నల్ అందలేదు.