తొంభై ఆరో గుంట

ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా ల్యాబులో రక్త నమూనాల ప్లేటు మెషీన్లో పెట్టడం, అంకెలు గైడు మేడమ్‌కి చూపించడం, సాయంత్రం భర్తతో వెళ్ళి చెప్పులు కొనుక్కోవడం.

"ఇంతకీ ఏం వెతుకుతున్నావే నువ్వు?" కాఫీ అందిస్తూ అడిగింది అత్తగారు.

"ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు కొందరిలో సొంత ఒంటి మీదే పడతాయత్తయ్యా. దానికి ఒక ఆర్ఎన్ఏ కారణమేమోనని అనుమానం. అది తనంతట తాను ఏ ప్రొటీనూ తయారుచేయదు. కూర్చున్నచోటు నుంచే అన్నిటిమీదా పెత్తనం చేస్తుంది."

అత్తగారు పేపరు చదువుకుంటున్న మామగారి వంక అదోలా చూసింది.

ప్లేటులో తొంభై ఆరు గుంటలు. మొదటి గుంటలో జబ్బు ఖాయంగా ఉన్న రక్తం, సరిచూసుకోవడానికి. ముందు సగం రోగులది, వెనక సగం ఆరోగ్యవంతులది. ఆరోగ్యవంతులు అంత తేలిగ్గా దొరకరు కాబట్టి ల్యాబులో వాళ్ళంతా తలా కాస్త రక్తం ఇచ్చారు, గైడు మేడమ్‌తో సహా. అయినా ఒకటి తగ్గితే, బళ్ళో ఆటల మాష్టారైన భర్తని బతిమాలి లాక్కొచ్చింది. చిట్టచివరి గుంట ఆయనది.

కాగితం బయటికి రాగానే ఆమె కళ్ళు ముందు ఆ చివరి అంకె మీదికే వెళ్ళాయి. కాగితం మొత్తంలో అదే పెద్దది, అంటే జబ్బు ఖాయం! ఇక మిగతావి చూసే ఓపిక ఎక్కడిది? వెంటనే ఫోను తీసింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"గ్రౌండ్లో. ఎండ దంచేస్తోంది."

"అయ్యో, ఎండ తగిలితే ముదురుతుంది! ముందు నీడలోకి పదండి. కీళ్ళనొప్పులున్నాయా?"

"రోజంతా పిల్లలతో పరిగెడితే ఉండవా? ఏం ముదురుతుందే?"

ఆమెకి ఏడుపొచ్చి ఫోను పెట్టేసింది. ఆయన హెడ్మాస్టరు గదిలోకి పరిగెత్తి, అక్కణ్ణుంచి తల్లికి ఫోను చేశాడు. అరగంట తిరిగేసరికి ముగ్గురూ ల్యాబు గుమ్మంలో ఉన్నారు. మాష్టారు వరండాలో కూడా గొడుగు దించలేదు.

"ఆ పెత్తనం చేసే ఆర్ఎన్ఏ కచ్చితంగా మీ వైపు నుంచి వచ్చిందే!" అత్తగారు మామగారి మీద విరుచుకుపడింది.

"నేనేం చేశానే?"

"ఏమీ చేయకపోబట్టేగా!"

గోల విని గైడు మేడమ్ బయటికొచ్చి కాగితం అందుకుంది. పైనుంచి కిందిదాకా చదివింది.

"రోగులంతా నిక్షేపంగా ఉన్నారు. నాతో సహా ఆరోగ్యవంతులందరికీ జబ్బే. ఏమ్మా, మందు కనిపెట్టావా, ప్లేటు తిప్పి పెట్టావా?"

పరిశోధకురాలు ఒక్క ఉదుటున వెళ్ళి మెషీను తెరిచింది. ఎడమవైపు ఉండాల్సిన, గుర్తుకోసం కత్తిరించిన ప్లేటు మూల కుడివైపు ఉంది. మొదటి గుంట పోయి చివరి గుంట చోట కూర్చుంది! ప్లేటు సరిగ్గా పెట్టి మళ్ళీ చదివించింది. మాష్టారి అంకె దాదాపు సున్నా. ఆమె స్టూలు మీద కూలబడి బావురుమంది.

"ఇప్పుడెందుకే ఏడుపు?" అన్నాడు భర్త.

"మీకేమీ లేదని!"

మాష్టారు గొడుగు ముడిచాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుని, తెచ్చిన మంచినీళ్ళ సీసా ముందు మామగారికే ఇచ్చింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం చెప్పులు కూడా కొన్నారు. కానీ మాష్టారిని నీడపట్టున ఉంచాలని హెడ్మాస్టరు అప్పటికే ఆయనకి ఏడాది పాటు ఆరో తరగతి లెక్కలు అప్పగించేశాడు. దానికి మాత్రం ఏ ప్లేటు ఎటు తిప్పినా ఉపయోగం లేకపోయింది.