చొక్కా తొడుక్కున్న సాంపిల్

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు అందరికంటే ముందు వెళ్ళి మంచి పేరు కొట్టేయాలని స్టోర్ కీపరు పథకం వేసుకున్నాడు. ఆ తొందరలో ఇంట్లో ఏమీ తినలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అప్పటికి పిట్ట మనిషి లేడు. ఫ్రిజ్ తెరిస్తే, నిన్నటి తేదీ రాసిన చిన్న డబ్బాలో గుడ్ల కూర కనిపించింది. ఎలాగూ పారబోసేదే కదా అనుకుని చల్లగానే లాగించేశాడు. మర్యాదస్థుడు కాబట్టి డబ్బా కడిగి బోర్లించాడు కూడా.

వండిన ప్రతి కూరలోంచీ కాస్త తీసి మూడు రోజులు దాచాలనీ, ఎవరికైనా జబ్బు చేస్తే దాన్నే పరీక్షకు పంపుతారనీ పాపం అతనికెవరు చెప్పారు?

తొమ్మిదింటికి కబురొచ్చింది. ప్యాకింగ్ విభాగంలో ఏడుగురికి తెల్లారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు, జ్వరం. ఆ వెనకే ఆరోగ్య ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు.

"సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయ్యుండొచ్చు. సరిగ్గా ఉడకని గుడ్లలో, మాంసంలో ఉంటుంది. నిన్నటి కూర సాంపిల్ తియ్యండి" అన్నాడు.

అందరూ వంటక్క అని పిలిచే వంటావిడ ఫ్రిజ్ తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. "ఇక్కడే పెట్టానండీ! ఒట్టు!"

"సాక్ష్యం కడిగేశావన్నమాట!" మేనేజరు ఇంతెత్తున ఎగిరాడు. "సాయంత్రానికల్లా నీ ఉద్యోగం ఊడినట్టే!"

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. వంటక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. స్టోర్ కీపరు చూడలేకపోయాడు. "నేనే తిన్నానండీ" అన్నాడు చెయ్యెత్తి.

"ఎంత తిన్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మొత్తం. బాగుందండీ, ఉప్పే చాల్లేదు."

"ఉప్పు చాల్లేదా?" వంటక్క ఏడుపు ఆపి మరీ అడిగింది.

ఇన్‌స్పెక్టరు తల పట్టుకుని, "అయితే ఇక ఈయనే సాంపిల్" అని తేల్చాడు. "తిన్నాక ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా జబ్బు ఎప్పుడైనా బయటపడొచ్చు. కొందరికి నెత్తురులోకీ పాకుతుంది. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ అయితే ప్రాణం మీదికే వస్తుంది."

స్టోర్ కీపరు ముఖం పాలిపోయింది. అతన్ని కుర్చీలో కూలేసి, చొక్కా జేబుకి తేదీ చీటీ అంటించారు. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదా అని మేనేజరు నిజంగానే అడిగాడు.

ఇతను మంచాన పడితే వంటక్క ఉద్యోగం పోయినట్టే. అందుకని ఆమె పది నిమిషాలకోసారి వచ్చి అతని నుదురు పట్టుకు చూసింది. ఒంటిగంటకు అతని కడుపులోంచి గుడగుడమని పెద్ద చప్పుడొచ్చింది. జనం గోడలకు అతుక్కుపోయారు. అది రోగమో ఆకలో అతనికే అర్థం కాలేదు.

"ఒక్క రొట్టెముక్క పెట్టండి, తేలిపోతుంది" అన్నాడు దీనంగా.

"వద్దు! సాంపిల్ కల్తీ అయిపోతుంది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అంతలో "అమ్మో!" అని కేక వినపడింది. అందరూ స్టోర్ కీపరు వైపు చూశారు. అతనూ కంగారుగా తనని తానే చూసుకున్నాడు. తీరా కేక వేసింది మేనేజరు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది.

"మీరు కూడా ఆ గుడ్ల కూర తిన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఛీ! క్యాంటీన్ తిండి నేను ముట్టనే ముట్టను!"

"మరి ఆ ఏడుగురితో కలిసి నిన్న ఏం తిన్నారు?"

పెద్దగా ఏమీ లేదట. ప్రమోషన్ వచ్చిందని, సాయంత్రం తన చేత్తో చేసిన పుడ్డింగు ప్యాకింగ్ వాళ్ళకు పంచి, తనూ తిన్నాడట. పచ్చి గుడ్ల సొన గిలక్కొట్టి అందులో కలిపాడట. ఉడికిస్తే నురగ పోతుందట.

"నురగతో పాటు సాల్మొనెల్లా కూడా పోయుండేది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వంటక్కగారూ, తప్పు మీ వంటది కాదని రాసేస్తున్నాను. సాంపిల్‌గారూ, మీరిక భోంచెయ్యండి."

వంటక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆస్పత్రి బండి ఎక్కుతూ మేనేజరు ఆమెను దగ్గరికి పిలిచాడు. "వంటక్కా... రేపు కాస్త జావలాంటిదేమన్నా..." అని నసిగాడు.

"తప్పకుండా పంపిస్తాను సార్. క్యారియర్ మీద క్యాంటీన్ అని రాయన్లెండి."

రాసినా ఫర్వాలేదన్నాడు మేనేజరు.