పిట్టగారి అభ్యంతరం

సృష్టి ఆరు రోజుల్లో పూర్తయిందని డెంజిల్ పాస్కో మనసారా నమ్ముతాడు. చరిత్రలో అనుకున్న గడువుకు పూర్తయిన పెద్ద పని అదొక్కటేనని కూడా నమ్ముతాడు. ఆయనను ఏళ్ల తరబడి తొలుస్తున్న సందేహం వేరు. పని ముగిసింది సరే, ఆ తర్వాత దాన్ని చూసుకునే బాధ్యత ఏ విభాగానికి అప్పగించారు? బెండిగో ఊళ్లో ప్రతి ఆదివారం చర్చి వెనక వరుసలో కూర్చుని ఆయన ఆలోచించేది ఇదే. పాస్టరుగారిని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఉపసంఘం వేస్తారని భయం.

మిగతా రోజుల్లో ఆయన ఆర్ట్ అండ్ డిజైన్ కాలేజీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెబుతాడు. అంటే, బొమ్మలు గీసేవాళ్లకూ కుర్చీలు చేసేవాళ్లకూ ఒక పనిని చెప్పిన రోజుకు ముగించడం ఎలాగో నేర్పుతాడు. (చెప్పిన రోజుకు ముగించిన విద్యార్థి ఒక్కడే. తర్వాత కళ మానేసి బీమా కంపెనీలో చేరాడు.)

ఆ ఏడాది కాలేజీ ఒక మహత్తర నిర్ణయం తీసుకుంది. ఇకమీదట ప్రతి పాఠంలోనూ పర్యావరణ దృష్టి ఉండాలి. ప్రకృతిలో అన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి గనక దానికి విడిగా పీరియడ్లు అక్కర్లేదని కూడా తేల్చింది.

నియమాలు రాసే పని డెంజిల్‌కు వచ్చింది. పట్టికలంటే ఆయనకు పండగ. ప్రతి ప్రాజెక్టుకూ మనిషి కాని భాగస్వామి ఒకరు ఉండాలి. వారి అభిప్రాయం అడగాలి. వారికి అభ్యంతరం ఉంటే అది తీరేదాకా పని ముందుకు సాగకూడదు. ఇలా పట్టిక గీసి, తనే ముచ్చటపడి, లామినేషన్ చేయించాడు. (ప్లాస్టిక్కే. కానీ మన్నుతుంది.)

విద్యార్థులు నాచును, వాగును, మట్టిలో వానపాములను భాగస్వాములుగా ఎంచుకున్నారు. ఒకతను బ్రెడ్డు కోసం పులియబెట్టిన పిండిని తెచ్చాడు. ఎవరూ కిక్కురుమనలేదు. ఇంత సహకరించే భాగస్వాములు మనుషుల్లో దొరకరని వార్షిక నివేదికలో డెంజిల్ సంతోషం వెలిబుచ్చాడు.

అప్పుడు కీలీ ట్రెంబాత్ వచ్చింది. ఆఖరి ఏడాది పిల్ల. కాలేజీ పెరట్లో యూకలిప్టస్ చెట్టు కింద రెల్లుతో అల్లిన పందిరి వేస్తానంది. ఆ చెట్టు మీద కాపురమున్న మాగ్‌పై పిట్టల జంటను భాగస్వాములుగా రాసింది. ఇందులో పాసైతే నగర పార్కుల విభాగంలో ఉద్యోగం ఖాయం. కాలేజీ ప్రదర్శనలో పందిరి లేకపోతే పాసవదు.

మాగ్‌పై కాకంత ఉంటుంది, నలుపూ తెలుపూ. సెప్టెంబరులో గూట్లో పిల్లలుంటే తండ్రి పిట్ట కింద నడిచేవాళ్లను తన్నిపోతుంది. పందిరికి కొలతలు తీస్తున్న రోజున వచ్చి డెంజిల్ చెవి మీద తన్నింది.

"రక్తం కారుతోంది, డెంజిల్," అంది కీలీ.

"తెలుస్తోందమ్మా."

"సంతోషించండి. మీ నియమాలకి జవాబిచ్చిన మొదటి ప్రాణి ఇదే."

"ఏమంటోంది?"

"నెల్లాళ్లు ఆగమంటోంది. పిల్లలు ఎగిరిపోయాక ఏం వేసుకుంటారో వేసుకోమంటోంది."

ప్రదర్శనను నెల వాయిదా వేయాలా అని కమిటీ కూర్చుంది. సభ్యులందరూ పెరడు దాటి రావాలి గనక తలల మీద ఐస్‌క్రీమ్ డబ్బాలు బోర్లించుకుని, డబ్బాల వెనక పెద్ద కళ్లు గీయించుకుని వచ్చారు (తననే చూస్తున్నవాళ్లను ఆ పిట్ట తన్నదట). తిరిగి వెళ్లాలి కదా అని లోపల కూడా తీయలేదు. విభాగాధిపతి హెస్టర్ వొల్కాట్ వెనిలా డబ్బాలో హుందాగా ఉంది.

"ముందు ఇది తేలాలి," అందావిడ. "పిట్ట చెప్పింది అభ్యంతరమా, మామూలు వ్యాఖ్యా?"

"నా చెవి చూడండి."

"చూశాను. వ్యాఖ్యలు ఒక్కోసారి ఘాటుగానే ఉంటాయి, డెంజిల్. విద్యార్థులు మీ గురించి రాసేవి చదవలేదా?"

"నెల ఆగితే చాలు కదండీ."

"మేయరుగారికి తేదీ చెప్పేశాం. ఆహ్వానాలు అచ్చయ్యాయి. పాతితే మొలకెత్తేలా కాగితంలో విత్తనాలు కూడా పెట్టించాం. ఇప్పుడు తేదీ మారిస్తే అన్నీ పారెయ్యాలి. పర్యావరణానికి అది ద్రోహం కాదూ?"

అందరూ తల పంకించారు. డబ్బాలు ఊగాయి.

డెంజిల్ అక్కడ ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ చిక్కుముడి కనిపిస్తే విప్పకుండా ఉండలేని మనిషి.

"పట్టికలో 'భాగస్వాములు' అని ఒక గడి ఉంది," అన్నాడు. "పక్కనే 'ప్రమాదాలు' అని ఇంకో గడి. భాగస్వామి అయితే మాట వినాలి. ప్రమాదమైతే తొలగించాలి. పిట్టను ఈ గడిలోంచి ఆ గడిలోకి జరిపితే..."

చప్పట్లు మోగాయి. ఒకరిద్దరు సంతోషం పట్టలేక డబ్బాల మీద కూడా కొట్టుకున్నారు.

ఇంట్లో భార్య లోర్నా చెవికి కొత్త ప్లాస్టర్ వేసి, మాంసం కూర వడ్డించింది. డెంజిల్ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు.

"ఆకాశపక్షులను పోషించే తండ్రీ..."

"ఆ ముక్క ఇవాళ నువ్వనకు. నేనంటాలే," అంది లోర్నా.

"దానికేం తక్కువ చేస్తున్నాం? అడవిలో మంచి చోటే చూస్తున్నారు."

"గూడు కూడా పంపిస్తున్నారా?"

"గూడు పట్టికలో లేదు."

"ఆమెన్," అంది లోర్నా, ప్రార్థన సగంలోనే.

లైసెన్సున్న మనుషులు వచ్చి, వల వేసి, తండ్రి పిట్టను మర్యాదగా పెట్టెలో పెట్టుకుని పోయారు. మర్నాడు డెంజిల్ డబ్బా లేకుండా పెరట్లోకి వచ్చాడు. కీలీ పందిరికి చివరి ముడులు వేస్తోంది. పైన తల్లి పిట్ట వస్తోంది, పోతోంది, వస్తోంది.

"ఇది తన్నట్లేదే," అన్నాడు.

"రెండు నోళ్లకి ఒక్కతే తేవాలి. మన మీద ఫిర్యాదు చేసే తీరికెక్కడిది?"

"నీ మీద నాకు కోపం లేదు కీలీ, నీకు నా మీద ఉంటే..."

"ఉంది. అయినా ముడులేస్తున్నా కదా. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆ తాడిటివ్వండి."

తాడు అందించాడు.

ప్రారంభోత్సవం గడువుకే జరిగింది. ప్రకృతి మాట వినడం నేర్చుకోవాలని మేయరుగారు చెబుతుండగా గూట్లోంచి పిల్ల అరిచింది. ఒకటే గొంతు. ఆయన ప్రసంగం ఆపి, "విన్నారా, దీవిస్తోంది," అన్నారు. పొరుగూరి కాలేజీ నుంచి వచ్చినవాళ్లు డెంజిల్ పట్టికను అడిగి తీసుకెళ్లారు.

కీలీ మార్కుల పత్రం సోమవారం ఆయన బల్ల మీదికి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: భాగస్వాములందరూ ప్రదర్శనకు హాజరయ్యారా? ఎవరైనా రాకపోతే తగిన కారణం రాయాలి, రాయకపోతే విద్యార్థి ఫెయిలు. డెంజిల్ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు.

"ఊళ్లో లేరు," అని రాశాడు.